చింతపిక్కల లెక్క

మా తమ్ముడు ఫోన్ చేసి, "కొట్టు పడగొట్టిస్తున్నాను అన్నయ్యా, నీకేమన్నా కావాలంటే వచ్చి తీసుకో" అన్నాడు. అందులో నాకేం కావాలో తెలియలేదు. అయినా తెనాలిలో దిగి రేపల్లె ప్యాసింజరు ఎక్కాను.

నాన్న పోయి ఏడేళ్ళు. ఆయన ఉండగానే ఆఖరి పదేళ్ళూ కొట్టు మూసే ఉంది. తమ్ముడు అందులో యూరియా బస్తాలు, పాత టైర్లు పడేసుకున్నాడు. ముందున్న చెక్క పలకలు ఒక్కొక్కటే ఊడదీశాం. ఒకటి నుంచి తొమ్మిది దాకా నాన్న తారుతో వేసిన అంకెలు ఇంకా చెరగలేదు. వరస తప్పితే తొమ్మిదోది పట్టదు. చిన్నప్పుడు మాకు మెలకువ వచ్చేది కోడికూతకి కాదు, ఈ పలకల చప్పుడుకే.

నాలుగో పలక తీసేసరికి వాసన బయటికొచ్చింది. ఇంగువ, ఎండుమిరపకాయలు, పాత బెల్లం, గోనెసంచి, వాటన్నిటికీ అడుగున కిరసనాయిలు. అన్నేళ్ళుగా ఎవరూ అమ్మని సరుకుల వాసన. యూరియా కూడా దాన్ని చంపలేకపోయింది. తమ్ముడు దగ్గుతూ పక్కకి తప్పుకున్నాడు. నేను అక్కడే నిలబడిపోయాను.

గల్లాపెట్టె కింద అరలో పుస్తకాలున్నాయి. ఎర్ర అట్టలు, పొడుగాటి పుస్తకాలు. సగం చెదలు తినేశాయి.

*

నాన్నకి రెండు పుస్తకాలుండేవి, చిట్టా, ఆవర్జా. పొద్దున్నుంచి జరిగిందంతా జరిగిన వరసలో చిట్టాలో పడేది. రాత్రి భోజనాలయ్యాక లాంతరు పక్కన పెట్టుకుని అందులోంచి ఎవరి పద్దు వాళ్ళ పేజీకి, ఆవర్జాలోకి ఎక్కించేవారు. ఊళ్ళో ఒకే పేరున్నవాళ్ళు అరడజనుకి తక్కువుండరు కాబట్టి ఆవర్జాలో పేర్లకంటే గుర్తులే ఎక్కువ. 'ఎర్రగేదె ఆయన'. 'బొంబాయి వెళ్ళొచ్చినాయన'. 'చెరువుగట్టు ముసలమ్మ'. 'మాట్లాడని కోడలు'. ఆ కోడలు ఎందుకు మాట్లాడేది కాదో నాకు ఇప్పటికీ తెలీదు. కావల్సిన సరుకు వేలితో చూపించేది, పొట్లం తీసుకుని వెళ్ళిపోయేది.

ఉగాదికి కొత్త పుస్తకం. అట్టకి పసుపు రాసి, మొదటి పేజీలో శ్రీరామ అని రాసి, నాలుగు మూలలా కుంకుమ బొట్లు. ఆ తర్వాత ఆయన రాసే మొదటి సంగతి మాత్రం పాత బాకీలే. పాత పుస్తకంలో తీరనివన్నీ కొత్తదాంట్లోకి మోసుకొచ్చేవారు.

కిలోలు, లీటర్లు వచ్చి అప్పటికే చాలా ఏళ్ళయింది. అయినా ధాన్యం మాత్రం కుంచంతోనే. నాలుగు మానికలు ఒక కుంచం. కొలిచేటప్పుడు మొదటిదాన్ని 'ఒకటి' అనకూడదు, 'లాభం' అనాలి. లాభం, రెండు, మూడు... ఏడు దగ్గరికొచ్చేసరికి ఏడుపు గుర్తొస్తుందని మా తాత 'ఆరూ ఒకటి' అనేవాడు. ధాన్యం తెచ్చినవాళ్ళు కుంచాన్ని చూసేవాళ్ళు కాదు. దాని అంచు మీద అడ్డంగా లాగే నాన్న చేతిని చూసేవాళ్ళు. మోసమైనా న్యాయమైనా ఆ చేతిలోనే ఉంటుంది. అరచెయ్యి కాస్త పైకి వంచితే కొన్నవాడికి గింజలు మిగుల్తాయి, కిందికి నొక్కితే అమ్మినవాడికి మిగుల్తాయి. నాన్న చెయ్యి బల్లపరుపుగా వెళ్ళేది. ఆ మాట ఆయన కొడుకుని కాబట్టి చెప్పడం లేదు, చాలాసార్లు దగ్గరుండి చూశాను కాబట్టి చెబుతున్నాను.

*

నమ్మకం అనే మాట ఆ కొట్టులో వాడిన గుర్తు లేదు. 'పద్దు రాసుకో' అనేవాళ్ళు. మంచివాడు అనడానికి 'ఇచ్చి పుచ్చుకునే మనిషి' అనేవాళ్ళు. తెనాలిలో మేం సరుకు తెచ్చుకునే హోల్‌సేల్ కొట్టులో 'నేడు నగదు - రేపు అరువు' అని బోర్డు ఉండేది. దాని కిందే కూర్చుని ఆ షావుకారు ఊరూరికీ అరువిచ్చేవాడు.

నాన్న ఎవరికి అరువివ్వాలో ఎలా తేల్చుకునేవారో చాలా ఆలస్యంగా తెలిసింది. నేను బ్యాంకులో గుమాస్తాగా చేరాక, ఓసారి సెలవుకి వచ్చినప్పుడు అడిగాను. పొలం ఎంతుంది, పంట ఎంత పండుతుంది అని లెక్కేసేవారేమో అనుకున్నాను. ఆయన నవ్వారు.

"బాకీ ఉన్నవాడు కొట్టు ముందునుంచి నడిచి వెళ్తున్నంతకాలం మనకి భయం లేదురా. వెనకసందులోంచి వెళ్ళడం మొదలెట్టాడంటేనే నేను ఆలోచించాలి."

వెనకసందులోంచి వెళ్ళినవాళ్ళని ఏం చేసేవారని అడిగాను. సాయంత్రం పూట ఆ సందులోకి తనే వెళ్ళేవారట. బాకీ ఊసెత్తేవారు కాదట. "పిల్లలకి జ్వరమా ఏమిటి, కనపట్టం లేదు" అనేవారట. మర్నాడు ఆ మనిషి ముందుదారిలో కనపడేవాడట. ఇవ్వడానికి కాదు, ఊరికే కనపడ్డానికి. నాన్నకి అది చాలు.

పెద్ద మొత్తాలకి మాత్రం ప్రోనోటు. రెవెన్యూ స్టాంపు మీద సంతకమో, చదువు రానివాళ్ళయితే వేలిముద్రో. ప్రోనోటుకి మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుంది. అంటే అప్పు అప్పుగానే ఉంటుంది కానీ కోర్టుకెక్కే దారి పోతుంది. ఈలోగా ఎంతోకొంత చెల్లు కట్టి, నోటు వెనక రాసి సంతకం పెడితే మళ్ళీ మూడేళ్ళు. నాన్న తేదీలు మరచిపోయే మనిషి. అమ్మ అందుకు సాధిస్తూ ఉండేది.

వర్షం పడుతున్న ఒక రాత్రి పలకలు పెట్టేశాక తలుపు చప్పుడయింది. గొడుగు కూడా లేకుండా ఒకాయన నిలబడి ఉన్నాడు. పక్క ఊరు, కూతురి పెళ్ళికి అప్పు తీసుకున్నవాడు. "రేపటితో మూడేళ్ళు అయిపోతాయండీ, నోటు తియ్యండి" అన్నాడు. జేబులోంచి పది రూపాయలు తీసి చెల్లు రాయించి, తడి చేత్తోనే సంతకం పెట్టాడు. సిరా అలుక్కుపోయింది. నాన్న ఆయన్ని భోజనానికి కూర్చోమన్నారు. ఆయన కూర్చోలేదు. చీకట్లో మళ్ళీ వానలో పడి వెళ్ళిపోయాడు. ఆ అప్పు మొత్తం తీరిందో లేదో నాకు గుర్తులేదు. తన మీదున్న అప్పు చచ్చిపోకుండా తనే వచ్చి కాపాడుకున్న మనిషి మాత్రం గుర్తున్నాడు.

*

1977 నవంబరు 19. ఉప్పెన. దివిసీమలో, రేపల్లె దిగువన సముద్రం ఊళ్ళ మీదికి వచ్చింది. వేలమంది పోయారు. మా ఊరు కాస్త లోపలికి కాబట్టి నీళ్ళు రాలేదు, గాలి వచ్చింది. కొట్టు మీద పెంకులు రాత్రంతా ఒక్కొక్కటే లేచిపోతుంటే అమ్మ నన్నూ తమ్ముణ్ణీ బియ్యం బస్తాల మధ్య కూర్చోబెట్టింది. తెల్లారి చూస్తే కోతకొచ్చిన వరి చాపలా పరుచుకుని ఉంది. వరి కోతకి ముందు చల్లే మినుములు కూడా చల్లే దారి లేదు.

మా కొట్టు లెక్క అంతా సంక్రాంతి మీద నడిచేది. ఏరువాక నుంచి తీసుకున్న అరువంతా నూర్పిళ్ళయ్యాక తీరాలి. ఇప్పుడు నూర్చడానికేం లేదు. నాన్న మూడు రోజులు ఆవర్జా ముందు పెట్టుకుని కూర్చున్నారు, పేజీలు తిప్పకుండా. నాలుగో రోజు తెనాలి వెళ్ళారు. నన్నూ తీసుకెళ్ళారు, ఎందుకో మరి. చిన్నపిల్లాడు పక్కనుంటే షావుకారు గట్టిగా మాట్లాడడనేమో.

ఆ షావుకారు మా పాత బాకీ పుస్తకం తెరవలేదు.

"మీ ఊళ్ళో ఇళ్ళెన్ని పోయాయి?"

నాన్న చెప్పారు.

"బియ్యం ఎన్ని బస్తాలు కావాలి?"

నాన్నకి గొంతు పూడుకుపోయింది. దణ్ణం పెట్టబోయారు. ఆయన విసుక్కున్నాడు. "దణ్ణాలెందుకయ్యా? నువ్వు కొట్టు మూసేస్తే నా పాత బాకీ ఎవడిస్తాడు? నీ దగ్గర తీసుకున్నవాళ్ళు తిని బతికితే కదా నీకిచ్చేది, నువ్వు నాకిచ్చేది."

ఈ మాట నాన్న జీవితమంతా చెప్పుకున్నారు. అందరూ దాన్ని దయ అనుకునేవాళ్ళు. ఆయన ఒప్పుకునేవారు కాదు. "దయ కాదురా, లెక్క. దయ అయితే ఒక్కసారితో అయిపోను" అనేవారు.

ఆ బాకీలు తీరడానికి రెండు సంక్రాంతులు పట్టింది. కొన్ని తీరనే లేదు. వాటిని నాన్న కొట్టేయలేదు, అడగనూ లేదు. ప్రతి ఉగాదికీ కొత్త పుస్తకంలోకి మోసుకొచ్చారు.

*

ఇక చింతపిక్కల సంగతి.

చెరువుగట్టు ముసలమ్మకి చదువు రాదు. మా కొట్టులో అరువు తీసుకున్నప్పుడల్లా ఇంటికెళ్ళి రూపాయికో చింతపిక్క చొప్పున ఒక పిడతలో వేసేది. అర్ధరూపాయికి పగలగొట్టిన పిక్క. కోతలయ్యాక చేలల్లో పరిగె ఏరుకుని, ఆ ధాన్యంతో బాకీ తీర్చేది. పిడత తెచ్చి కొట్టు మెట్టు మీద బోర్లించేది. నాన్న ఇటు పుస్తకం చూసేవారు, ఆవిడ అటు పిక్కలు లెక్కపెట్టేది. రెండూ కలిసేవి.

మెట్టు మీద అన్నాను. లోపలికి కాదు. ఆవిడదీ, గట్టు మీద ఉండే మిగతా ఇళ్ళదీ అదే హద్దు. సరుకు చేతికి ఇచ్చేవాళ్ళం కాదు, పైనుంచి కొంగులోకి జారవిడిచేవాళ్ళం. నాన్న కూడా. చెయ్యి బల్లపరుపుగా వెళ్తుందని ఇందాక గొప్పగా రాశాను. ఆ చెయ్యే ఇదీను.

నాకప్పుడు పదకొండో పన్నెండో. బడి అయ్యాక కొట్టులో కూర్చునేవాణ్ణి. ఊరి చివర టూరింగ్ టాకీసు వచ్చింది. నేల టికెట్టుకీ, గోళీసోడాకీ, జీళ్ళకీ డబ్బు కావాలి. గల్లాపెట్టెలో తీస్తే రాత్రికి చిట్టాతో తేడా వస్తుంది. కాబట్టి ఒక పని చేశాను. ఎవరో నగదిచ్చి అర్ధకిలో కందిపప్పు కొనుక్కుంటే ఆ రెండు రూపాయలు జేబులో వేసుకుని, కందిపప్పుని ముసలమ్మ పేరు మీద అరువు రాశాను. లెక్క సరిపోయింది. తర్వాత బ్యాంకులో ఆడిట్ సమయంలో చాలా మోసాలు చూశాను. వాటన్నిటి మూలం ఇదే. నగదుని అరువు చెయ్యడం, అరువు పద్దుని నోరు లేనివాళ్ళ మీదికి తొయ్యడం.

ఆ ఏడు ఆవిడ పిడత తెచ్చింది. పిక్కలు ఇరవై ఒకటి. పుస్తకం ఇరవై మూడు.

నాన్న మళ్ళీ కూడారు. ఆవిడ మళ్ళీ లెక్కపెట్టింది. నేను పురికొస కండె చుడుతూ తలొంచుకుని ఉన్నాను.

"నావే పోయుంటాయిలే అయ్యా" అంది. "మనవళ్ళు ఆడుకోటానికి తీసుకున్నారేమో. పుస్తకం అబద్ధమాడుద్దా?"

నాన్న వేలు పేజీ మీద కిందికి జారి ఒకచోట ఆగింది. నా దస్తూరీ. కందిపప్పు అర్ధకిలో, 2-00. ఆయన నావైపు చూడలేదు.

"నీ పిక్కలే సరయినవి. మావాడు కూడడం తప్పాడు" అని, ఇరవై ఒక్క రూపాయలకే ధాన్యం కొలిపించుకున్నారు. లాభం, రెండు, మూడు...

రాత్రి ఆవర్జా ముందు కూర్చున్నప్పుడు ఒక్కటే అడిగారు. "ఆ ఇంట్లో కందిపప్పు ఎప్పుడు తిన్నార్రా?"

ఊళ్ళో ఏ ఇంట్లో ఏం వండుకుంటారో ఆయనకి తెలుసు. ఆ సంగతి నాకు తెలీదు. అక్కడే దొరికిపోయాను. ఆయన కొట్టలేదు, అమ్మకి కూడా చెప్పలేదు. మర్నాటి నుంచి శిక్ష మొదలైంది. చదువు రానివాళ్ళు ఎవరు అరువు తీసుకున్నా, రాసిన వెంటనే పైకి చదివి వినిపించాలి. సరుకు, ధర, అప్పటిదాకా మొత్తం. మెట్టు దిగి, వాళ్ళ దగ్గరికెళ్ళి. కొట్టులో గుంపుగా ఉన్నా సరే, నా స్నేహితులు సైకిళ్ళేసుకుని బయట పిలుస్తున్నా సరే. పదో తరగతి అయ్యేదాకా చదివాను. సిగ్గుతో మొదలై, విసుగై, ఆఖరికి అలవాటైపోయింది.

*

బ్యాంకులో నా పని దీనికి పూర్తిగా తిరగబడింది. నమ్మకపోవడానికే నాకు జీతం ఇచ్చేవాళ్ళు. కార్డు మీద ఉన్న నమూనా సంతకంతో విత్‌డ్రాయల్ ఫారం మీది సంతకం పోల్చి చూడాలి. ఓ పెద్దాయన చెయ్యి వణికి సంతకం తేడా వచ్చింది. తిప్పి పంపాను. "నేనే కదయ్యా నీ ఎదురుగా నిలబడ్డాను!" అన్నాడు. నిజమే. కానీ నా దగ్గరున్న ఆధారం కార్డు, ఆయన కాదు. మూడోసారికి సంతకం కలిసింది. కలిసిందో, నేను కలిపానో.

తోటి ఉద్యోగి ఒకతని అప్పుకి పూచీ పడ్డాను. అతను కట్టకుండా ఉద్యోగం వదిలేసి వెళ్ళిపోయాడు. మూడేళ్ళు నా జీతంలో కోత. ఇంతకన్నా చెప్పేందుకు ఏమీ లేదు. మా ఆవిడ ఇప్పటికీ అప్పుడప్పుడు చెబుతూనే ఉంటుంది.

ముసలమ్మ కథని మాత్రం ఆఫీసులో చాలాసార్లు చెప్పాను, నా దొంగతనం మినహాయించి. ఆ రోజుల్లో మనుషులు ఎంత నమ్మేవాళ్ళో చూడండి, తన లెక్కకంటే ఎదుటివాడి పుస్తకాన్ని నమ్మింది అని. అందరూ తలలూపేవాళ్ళు. ఒకసారి ఇంట్లో భోజనాల దగ్గర చెబుతుంటే మా అమ్మాయి అడిగింది. "ఆ ఊళ్ళో ఆవిడకి అరువిచ్చే కొట్టు ఇంకోటి ఉందా నాన్నా?"

లేదు.

"మరి ఏమంటుంది? నీ పుస్తకం తప్పంటే మర్నాడు ఉప్పు ఎవరిస్తారు?"

ముద్ద నోట్లో ఆగిపోయింది. అంతకాలం నేను నమ్మకం అనుకున్నది నమ్మకమో, దిక్కులేనితనమో ఇప్పుడు తేల్చుకోలేను. ఆవిడ ముఖం గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తాను. బోర్లించిన పిడత, కొంగు, ముదురు గోధుమరంగు పిక్కలు గుర్తొస్తాయి కానీ ముఖం రాదు. తలెత్తి చూడలేదు కదా మరి.

*

ఆ ఏటి ఆవర్జా కోసం వెతికాను. చెదలు తిన్నవాటిలో అదీ ఒకటి. అట్ట పట్టుకుంటే పేజీలు పొడిగా రాలిపోయాయి. నాన్న ఆఖరి పుస్తకం మాత్రం బాగానే ఉంది. మొదటి మూడు పేజీలు పాత బాకీలే. ఎర్రగేదె ఆయన, బొంబాయి వెళ్ళొచ్చినాయన. అంతా పోయినవాళ్ళు. ఒక్కటీ కొట్టేయలేదు. ఆ ఉగాదికీ వాళ్ళందరినీ శ్రీరామ కింద వరసగా రాసుకున్నారు.

మా లైన్లోనే భట్టిప్రోలు స్టేషను. అక్కడి స్తూపంలో దొరికిన రాతిపెట్టెల మీద రెండు వేల ఏళ్ళనాటి దాతల పేర్లు, నిగమం అనే వర్తకసంఘంలోనివాళ్ళ పేర్లు వరసగా చెక్కి ఉన్నాయి. ఇచ్చినవాళ్ళ పేర్లయితే రాతిలో నిలుస్తాయి. బాకీ పడ్డవాళ్ళవి చెదలకి పోతాయి. నాన్న మొదటి మూడు పేజీలు చూస్తుంటే ఎందుకో ఆ పెట్టెలు గుర్తొచ్చాయి.

పాత పేపర్లవాడు ఎలక్ట్రానిక్ కాటా తెచ్చాడు. మిగతావి తూకానికి వేసి, ఆ ఒక్కటీ సంచిలో పెట్టుకున్నాను.

సాయంత్రం రైలుకి ఇంకా టైముంది. చెరువుగట్టు దగ్గర ఒక టిఫిన్ బండి కనపడితే ఇడ్లీ తిన్నాను. బండి నడిపే అమ్మాయికి ముప్పై ఏళ్ళుంటాయేమో. చెయ్యి తీరిక లేకుండా దోసెలు వేస్తోంది. స్కాన్ చేసి డబ్బు పంపాను. "ముప్పై రూపాయలు వచ్చాయి" అని పెట్టె అరిచింది. అమ్మాయి తలెత్తలేదు. ఎత్తాల్సిన పనీ లేదు.

ఊరికే అడిగాను, "ఈ గట్టు మీద చింతపిక్కలతో లెక్క చూసుకునే ఒక ముసలమ్మ ఉండేది..."

అట్లకాడ ఆగింది. "మా నాయనమ్మండీ! మీకెట్టా తెలుసు?"

"ఆ మూలనున్న కిరాణా కొట్టు మాదే."

అప్పుడు తలెత్తి చూసింది. "అయ్యో సార్! మీ కొట్టు గురించి తెగ చెప్పేది. కూడిక తప్పొస్తే మీ నాన్నగారు పిక్కలదే రైటన్నారంట కదా. ఆ కొట్లో ఒక పిల్లోడు ఉండేవాడంట, మెట్టు దిగొచ్చి మరీ పద్దు చదివి వినిపించేవాడంట. అసుమంటి నిజాయితీ ఇంకెవరికీ ఉండదని ఎప్పుడూ అంటా ఉండేది. మీ తమ్ముడుగారా ఆయన?"

"నేనే" అన్నాను.

మిగతాది చెప్పాలనే నోరు తెరిచాను. ఆ అమ్మాయి అప్పటికే ఇంకో ప్లేటులో రెండు ఇడ్లీలు పెట్టి, పైన కారప్పొడి చల్లి, నెయ్యి వేసి నా ముందుకు తోసింది. జేబులోంచి ఫోన్ తీయబోతే, "వద్దు సార్, తినండి" అని మళ్ళీ పెనం వైపు తిరిగింది.

తిన్నాను. రైలు కూత వినపడేదాకా అక్కడే నిలబడి ఉన్నాను.